చేనులో పిచికారీ, కేకు మీద పిచికారీ

పిల్లలూ! వరంగల్లు నుంచి ఖమ్మం పోయే దారిలో తొర్రూరు అనే ఊరు ఉన్నది. 2016 దాకా అది వరంగల్లు జిల్లాలో ఉండేది. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. దాని చుట్టుపక్కల పత్తి, మిరప, వరి పండిస్తారు. ఆ పల్లెల్లో పిల్లలను పట్టుకుని "పిచికారీ అంటే ఏమిటి?" అని అడిగితే, వీపున పంపు తగిలించుకుని పత్తిచేలో మందు కొట్టే మనిషిని చూపిస్తారు. హోళీ పండుగనాడు అడిగితే రంగునీళ్ళు చిమ్మే గొట్టాన్ని చూపిస్తారు.

ఇప్పుడు మూడో పిచికారీ ఒకటి వచ్చింది. అది కేకులు చేసేవారి చేతిలో ఉంటుంది. పుట్టినరోజు కేకు మీద ఒక పక్క ముదురుగా, మరొక పక్క లేతగా, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకుండా పరుచుకున్న నీలిరంగును మీరు చూసే ఉంటారు. ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉండే చాకొలేటు కేకును కూడా చూసి ఉంటారు. ఈ రెండూ కుంచెతో వచ్చేవి కావు, పిచికారీతో వచ్చేవి. ఆ పనిముట్టును స్ప్రే గన్ అంటారు. గన్ అంటే తుపాకే గాని, దీన్నుంచి గుండు రాదు, తుంపర వస్తుంది.

చేలో పంపూ, కేకు మీద గన్నూ పనిచేసే పద్ధతి చాలావరకు ఒకటే. కాని ఒకటి విషాన్ని చల్లేది, రెండోది మన నోట్లోకి పోయేదాన్ని చల్లేది. అందుకే ఈ పనిముట్టును ఎట్లా ఎంచుకోవాలో, ఎట్లా వాడాలో తెలుసుకోవడం మంచిది. కేకు చేసేవారికే కాదు, తినేవారికి కూడా.

బొట్టు ముక్కలయ్యే విధం

ముందుగా ఒక చిన్న పని చేసి చూడండి. గ్లాసు నిండా నీళ్ళు తీసుకోండి. శీతల పానీయాలు తాగే గొట్టాలు రెండు తెచ్చుకోండి. ఒక గొట్టాన్ని పొట్టిగా కత్తిరించి, నీళ్ళలో నిలువుగా ముంచి పట్టుకోండి. దాని పై మూతి నీటి మట్టానికి ఒక అంగుళం పైన ఉండాలి. రెండో గొట్టాన్ని అడ్డంగా పట్టుకుని, దాని చివర నిలువు గొట్టపు మూతి అంచుకు తగిలేటట్టు ఉంచి, గట్టిగా ఊదండి. నిలువు గొట్టంలో నీళ్ళు పైకి లేస్తాయి. ఇంకా గట్టిగా ఊదితే ఆ నీళ్ళు తుంపరగా ఎగురుతాయి.

ఎవరూ పీల్చకుండా నీళ్ళు పైకి ఎందుకు వచ్చాయి? మీరు ఊదిన గాలి గొట్టపు మూతి మీదుగా వేగంగా పోతూ, అక్కడ ఉన్న గాలిని కూడా తనతో లాక్కుపోతుంది. అందువల్ల ఆ మూతి దగ్గర గాలి ఒత్తిడి తగ్గుతుంది. గ్లాసులో నీటి మీద ఉన్న గాలి ఒత్తిడి మాత్రం తగ్గలేదు గదా! ఆ ఒత్తిడే నీటిని గొట్టంలోకి నెట్టి పైకి పంపుతుంది. పైకి వచ్చిన నీటిని గాలి చీల్చి చిన్న చిన్న బొట్లుగా చేస్తుంది.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. 1 మిల్లీమీటరు అడ్డుకొలత ఉన్న బొట్టు ఒకటి ఉన్నదనుకోండి. దాన్ని అడ్డుకొలతలో 20వ వంతు ఉండే చిన్న బొట్లుగా విడగొడితే ఎన్ని బొట్లు వస్తాయి? 20ని 20తోను, మళ్ళీ 20తోను హెచ్చించండి. 8,000 బొట్లు! నీరు పెరగలేదు, తగ్గలేదు. కాని గాలికి తగిలే ఉపరితలం మాత్రం 20 రెట్లు పెరిగింది. అందువల్లనే తుంపరగా పడిన రంగు కారిపోకుండా త్వరగా ఆరుతుంది. అందువల్లనే వేడి చాకొలేటు గన్ను విడిచి కేకును చేరేలోపలే చాలావరకు చల్లబడుతుంది. కుంచె చేయలేని పనిని పిచికారీ చేయగలగడానికి కారణం ఈ లెక్కే.

గొంతు మందు నుంచి కేకు దాకా

ఈ పనిముట్టు కేకుల కోసం పుట్టలేదు. అమెరికాలో ఓహైయో రాష్ట్రంలోని టొలీడో నగరంలో ఆలెన్ డెవిల్‌బిస్ అనే వైద్యుడు ఉండేవాడు. రోగుల గొంతులో మందు చల్లడానికి ఆయన ఒక పిచికారీ తయారు చేసి, 1888లో దాని కోసం ఒక కంపెనీ పెట్టాడు. ఆయన కొడుకు థామస్ అదే కిటుకును పెద్దది చేసి, 1907లో రంగులు వేసే స్ప్రే గన్ చేశాడు.

బొమ్మలు వేసేవారి కోసం సన్నటి పిచికారీ అంతకు ముందే వచ్చింది. 1870లలో అమెరికాలోని అయోవా రాష్ట్రానికి చెందిన ఆబ్నర్ పీలర్ అనే ఆయన గాలితో రంగు చల్లే చేతి పరికరం ఒకటి చేశాడు. 1893లో చార్లెస్ బర్డిక్ అనే ఆయన, రంగూ గాలీ పరికరం మూతిలోనే కలిసేటట్టు చేసి, అది కలంలాగా చేతిలో ఇమిడేటట్టు చేశాడు. దీన్ని ఎయిర్‌బ్రష్ అంటారు, అంటే గాలికుంచె అన్నమాట. ఇవాళ కేకుల మీద రంగు చల్లే గాలికుంచెలన్నీ దీని పిల్లలూ, మనమలూనే.

ఏది ఎంచుకోవాలి?

"మంచి స్ప్రే గన్ ఏది?" అని అడిగితే జవాబు లేదు. "నేను చల్లబోయేది పలచనా, చిక్కనా?" అని అడిగితే జవాబు ఉన్నది.

రంగు నీళ్ళలా పలచగా ఉంటుంది. దానికి గాలికుంచె చాలు. దాని మూతిలో ఉండే రంధ్రం, అంటే నాజిల్, సాధారణంగా 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారికి 0.3 గాని, 0.4 గాని మంచిది. అంతకన్న సన్నదైతే సన్నటి గీతలు వస్తాయి గాని, మాటిమాటికీ పూడుకుపోతుంది.

గాలికుంచెల్లో రెండు రకాలు ఉన్నాయి. ఒక రకంలో మీట నొక్కితే గాలీ రంగూ కలిసి వస్తాయి. రంగు ఎంత రావాలో ముందుగానే మర తిప్పి పెట్టుకోవాలి. రెండో రకంలో మీటను కిందికి నొక్కితే గాలి వస్తుంది, వెనక్కు లాగితే రంగు వస్తుంది. ఎంత లాగితే అంత రంగు. ఇది నేర్చుకోవడం కొంచెం కష్టమేగాని, చెయ్యి తిరిగితే ముదురూ లేతా మన చెప్పుచేతల్లో ఉంటాయి. కేకులకు ఇదే మేలు.

గాలిని అందించడానికి చిన్న కంప్రెసర్ కావాలి. కేకు మీద రంగుకు చదరపు అంగుళానికి 15 నుంచి 25 పౌన్ల ఒత్తిడి చాలు. అంతకు మించితే మెత్తటి క్రీములో గుంటలు పడతాయి. నూనె అవసరం లేని కంప్రెసర్ తీసుకోవాలి. లేకపోతే ఆ నూనె ఆవిరి గాలితో కలిసి కేకు మీదికి వస్తుంది. గాలిలోని తేమను పట్టే చిన్న బుడ్డి కూడా దానికి ఉండాలి. వానాకాలంలో దీని విలువ తెలుస్తుంది.

చాకొలేటు సంగతి వేరు. అది చిక్కటిది, పైగా చల్లబడితే గడ్డకట్టేది. గాలికుంచెలో పోస్తే మూతి దగ్గరే ఆగిపోతుంది. దానికి నాజిల్ పెద్దదిగా ఉండే గన్ కావాలి. కొన్నిటికి గిన్నెను వెచ్చగా ఉంచే ఏర్పాటు ఉంటుంది. కొన్ని గన్నులు కరెంటుతో నడుస్తూ, గాలి లేకుండానే చాకొలేటును గట్టిగా నెట్టి తుంపర చేస్తాయి. కంప్రెసర్ కొనకుండా పని మొదలుపెట్టదలచినవారికి ఇవి అనుకూలం. కాని ఇవి గాలికుంచెలా సన్నటి గీత గీయలేవు, కేకు మొత్తాన్ని కప్పడానికే పనికి వస్తాయి.

కోకో వెన్నా, మన ఎండలూ

చాకొలేటును ఉన్నదున్నట్టు చల్లరు. దానితో సమాన బరువు కోకో వెన్న కలిపి, దాదాపు 45 డిగ్రీల వేడిలో కరిగించి, సన్నటి జల్లెడలో వడగట్టి, అప్పుడు గిన్నెలో పోస్తారు. కోకో వెన్న అంటే కోకో గింజల్లో ఉండే కొవ్వు. ఆ గింజలు ఎక్కడివో అనుకోకండి. కోకో పండించే మన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ మొదటి వరుసలో ఉన్నది. ఏలూరు, గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల నీడన కోకో చెట్లు పెంచుతారు.

సరిగా గడ్డకట్టిన కోకో వెన్న దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన నోరు అంతకన్న కొంచెం వేడిగా ఉంటుంది. అందుకే చాకొలేటు చేతిలో నిలిచి, నోట్లో కరుగుతుంది. మరి తొర్రూరులో మే నెల మధ్యాహ్నం ఎండ 42 డిగ్రీలు దాటిందనుకోండి! గన్నులో చాకొలేటు గడ్డకట్టదు, నిజమే; కాని కేకు మీద కూడా గడ్డకట్టదు. కాబట్టి ఎండాకాలంలో ఈ పనిని చల్లబరచిన గదిలో చెయ్యాలి. చలికాలపు పొద్దున అయితే ఇబ్బంది తారుమారవుతుంది: నాజిల్‌లోనే చాకొలేటు బిగుసుకుంటుంది. అప్పుడు గన్ను మూతిని ముందుగా వెచ్చజేసుకోవాలి.

ఒకే గన్నుతో, ఒకే చాకొలేటుతో రెండు వింతలు చేయవచ్చు. కేకును గడ్డకట్టే పెట్టెలో సున్నాకు 18 డిగ్రీలు దిగువన ఉంచి, బయటికి తీసిన వెంటనే చాకొలేటు చల్లితే, ప్రతి బొట్టూ తగిలిన చోటనే రవ్వలా బిగుసుకుంటుంది. వేల రవ్వలు పక్కపక్కన నిలబడతాయి. వెలుగు వాటి మీద పడి నలుదిక్కులా చెదురుతుంది. అదే మఖమల్! కోకో వెన్నను సరిగా చల్లార్చి, 31, 32 డిగ్రీల దగ్గర ఉంచి, నున్నటి అచ్చు లోపల చల్లితే, అది అచ్చు గోడనంటి సమంగా పరుచుకుని గడ్డకడుతుంది. అచ్చును తిరగేసి తడితే అద్దంలా మెరిసే మిఠాయి వస్తుంది.

వానాకాలంలో ఒక జాగ్రత్త అవసరం. బాగా చల్లటి కేకును బయటపెట్టగానే, గాలిలోని తేమ దాని మీద మంచులా పడుతుంది. ఆ తేమ మీద చాకొలేటు అతకదు. కాబట్టి గన్నును ముందు సిద్ధం చేసుకుని, కేకును తరవాత బయటికి తియ్యాలి.

ఇంకొక సంగతి. చాకొలేటుకూ నీళ్ళకూ పడదు. కరిగిన చాకొలేటులో నాలుగు నీటిచుక్కలు పడితే అందులోని చక్కెర తడిసి, ఒకదానికొకటి అతుక్కుని, అంతా ముద్ద కడుతుంది. అందుచేత నీటిలో కరిగే రంగులు చాకొలేటులో కలపరాదు. దానికి కొవ్వులో కలిసే రంగులు వేరే ఉన్నాయి.

వాడే పద్ధతి

మొదట పాత కాగితం మీద చల్లి చూసుకోవాలి. చుక్కలు చుక్కలుగా వస్తుంటే ఒత్తిడి చాలలేదనో, రంగు చిక్కగా ఉన్నదనో అర్థం. కారుతుంటే మరీ దగ్గరగా పట్టుకున్నారని అర్థం. గాలికుంచెను కేకుకు 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలోను, చాకొలేటు గన్నును 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలోను పట్టుకుంటారు.

కేకు అంచుకు ముందే తుంపర మొదలుపెట్టి, చెయ్యి ఆపకుండా కదుపుతూ, అవతలి అంచు దాటిన తరవాత ఆపాలి. చెయ్యి నిలిస్తే అక్కడ మచ్చ పడుతుంది. ఒకేసారి చిక్కగా వెయ్యరాదు. పలచగా ఒక పూత వేసి, ఆరనిచ్చి, మరొక పూత వెయ్యాలి. పెద్ద అట్టపెట్టెను ఒక పక్క తెరిచి, కేకును అందులో పెట్టి చల్లితే గది గోడలూ నేలా బాగుపడతాయి. నేల మీద పడిన కోకో వెన్న మీద కాలు పెడితే జారిపడటం ఖాయం.

పని కాగానే కడగాలి. రంగు గన్నులో నీళ్ళు పోసి, తేటనీరు వచ్చేదాకా చల్లాలి. చాకొలేటు గన్నులో మొదట వెచ్చటి వంటనూనె పోసి చల్లి, తరవాత విడి భాగాలను సబ్బునీళ్ళతో కడిగి, చుక్క తడి లేకుండా ఆరబెట్టాలి. కరెంటు గన్నయితే కడగబోయే ముందు ప్లగ్గు తీసెయ్యాలి.

చల్లేటప్పుడు ముక్కుకూ నోటికీ మాస్కు కట్టుకోవాలి. తినదగిన రంగే గదా అనవచ్చు. కాని తినదగినదంతా పీల్చదగినది కాదు. పిచికారీని మనిషి మొహం వైపు, చేతి వైపు ఎన్నడూ తిప్పరాదు. ఈ పని పెద్దవాళ్ళు పక్కన ఉండగానే చెయ్యాలి.

అరువు తెచ్చుకోరాని పనిముట్టు

"స్ప్రే గన్‌కు అంత డబ్బు ఎందుకు? ఇంట్లో మందు కొట్టే పంపు ఉన్నది, కడిగి వాడుకుంటే పోలేదా?" అని ఎవరికైనా తోచవచ్చు. చేతికి అందేచోట ఉన్న పనిముట్టును వాడుకోవడం మన ఊళ్ళల్లో తెలివైన పనే. కాని ఇక్కడ మాత్రం వద్దు. పురుగుల మందు పంపు గొట్టాల్లోకీ, రబ్బరు వాషర్లలోకీ దిగి ఉంటుంది. ఎన్నిసార్లు కడిగినా మొత్తం పోయిందని చెప్పలేము. బండ్లకు రంగువేసే గన్ను కూడా ఇంతే. ఆ పిచికారీ ఒక్కసారి చేనుకు పోయిందంటే మళ్ళీ వంటింటికి రాకూడదు.

పనిముట్టు మంచిదైనా, అందులో పోసేది మంచిది కాకపోతే లాభం లేదు. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో 2018లో ఒక పుట్టినరోజు విందులో కేకు తిన్న 6గురు పిల్లలకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. పరీక్షించి చూస్తే, కేకు మీద మెరుపు కోసం వాడిన బంగారు రంగు పొడి నిజానికి రాగి పొడి అని తేలింది. 2019లో మిసోరీ రాష్ట్రంలో ఏడాది బిడ్డ రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నట్టు తెలిసింది. ఆ బిడ్డ పుట్టినరోజు కేకు అలంకరణకు వాడిన పొడిలో నాలుగోవంతు సీసమే! ఇట్లాంటి కొన్ని పొడుల సీసాల మీద "విషం కాదు" అనో, "అలంకరణకు మాత్రమే" అనో రాసి ఉంటుంది. "విషం కాదు" అన్నంత మాత్రాన "తినవచ్చు" అని కాదు. గోడకు వేసే సున్నం గురించి కూడా ఎవరైనా ఆ మాట అనవచ్చు గదా!

మన దగ్గర కూడా ఇట్లాంటిది జరిగింది. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది. దాని గులాబీరంగు కోసం, బట్టలకు అద్దే రోడమిన్-బి అనే రంగును కలుపుతున్నట్టు పరీక్షలో బయటపడింది.

మన దేశంలో తిండి పదార్థాల్లో వాడదగిన కృత్రిమ రంగులు 8 మాత్రమే. అవి కూడా సాధారణంగా కిలో పదార్థానికి 100 మిల్లీగ్రాములకు మించరాదు. అంటే 10 కిలోలకు ఒక్క గ్రాము! అందుచేత ముదురు రంగు ఉన్న కేకు గొప్ప కేకు అనుకోవద్దు. పలచగా పడిన తుంపరలోనే అందమూ ఉన్నది, ఆరోగ్యమూ ఉన్నది.

రంగు కొనేటప్పుడు మీ అమ్మానాన్నల పక్కన నిలబడి సీసా మీద ఇవి చదవండి: ఆహారంలో వాడే రంగు అని స్పష్టంగా ఉన్నదా? ఏయే పదార్థాలు కలిపారో రాశారా? ఆహార భద్రతా సంస్థవారి లైసెన్సు నంబరు 14 అంకెలూ ఉన్నాయా? ఎప్పటిలోగా వాడాలో తేదీ ఉన్నదా? వీటిలో ఏది లేకపోయినా ఆ సీసాను దుకాణంలోనే వదిలి రండి. కేకు దుకాణంలో కూడా, "ఈ మెరుపు తినేదేనా?" అని మర్యాదగా అడగండి. మంచి పనివాడు ఆ ప్రశ్నకు కోపగించుకోడు. సీసా తెచ్చి చూపిస్తాడు.

ఇంట్లో చేసి చూడండి

గన్ను లేకుండానే పిచికారీ బొమ్మ వేయవచ్చు. తెల్లకాగితం మీద వేపరెమ్మ గాని, చింతాకు గాని పరవండి. బీటుదుంప రసంలో కొత్త పళ్ళ బ్రష్షు ముంచి, విదిలించి, దాని మీద దువ్వెనను మీ వైపుకు లాగండి. రసం తుంపరగా కాగితం మీద పడుతుంది. ఆరిన తరవాత ఆకు తీస్తే తెల్లటి ఆకుబొమ్మ మిగులుతుంది. కేకు మీద పూలూ నక్షత్రాలూ కూడా ఇట్లాగే, కత్తిరించిన అచ్చు అడ్డుపెట్టి వేస్తారు. దువ్వెనను దగ్గరగా పట్టి ఒకసారి, దూరంగా పట్టి ఒకసారి చేసి, బొట్లలో తేడా చూడండి.

ఇక మీకొక లెక్క: 1 మిల్లీమీటరు బొట్టును అడ్డుకొలతలో 10వ వంతు ఉండే బొట్లుగా విడగొడితే ఎన్ని బొట్లు వస్తాయి? ఉపరితలం ఎన్ని రెట్లు పెరుగుతుంది? ముందు మీరే చేసి, తరవాత జవాబు చూడండి.

(జవాబు: 1,000 బొట్లు, ఉపరితలం 10 రెట్లు.)